మీట నొక్కినా మేలుకోని కంప్యూటర్

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండలోనో, మొగల్‌పురాలోనో కరెంటు పోయి వచ్చింది. మీట నొక్కితే కంప్యూటర్ ఉలకదు, పలకదు. షాపుకు మోసుకెళ్లే ముందు కాస్త ఆగండి.

కంప్యూటర్ లైటే వెలగకపోతే అదే ప్లగ్గులో సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. నవ్వకండి, లోపం అక్కడే ఉండొచ్చు. కంప్యూటర్ డబ్బా వెనక చిన్న స్విచ్ కూడా ఉంటుంది. ఇల్లు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఆగిపోతుంది.

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే మానిటర్ వైరు చూడండి. తర్వాత అనుమానం మెమరీ ముక్క, అంటే ర్యామ్ మీదే. పాతబస్తీలో వీధిని ఆనుకున్న గదుల దుమ్ము సంగతి చెప్పాలా! ప్లగ్గు పీకేసి, మీటను 10 సెకన్లు నొక్కి పట్టండి. డబ్బా మూత తెరిచి, ర్యామ్ ముక్క తీసి, బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్కుమనేదాకా నొక్కి బిగించండి. తేదీ, టైము మాటిమాటికీ తప్పుతుంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ నీరసించినట్టే. సీఆర్ 2032 అని అడిగితే ఇస్తారు.

పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లు షాకు కొట్టగలవు. అది కాలిపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొత్తది దొరుకుతుంది. పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. ఎన్ని వాట్లదో దాని మీదే రాసి ఉంటుంది.