మన కంచన్‌బాగ్: గోడకు అటు, గోడకు ఇటు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పేట గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గం వారు కోరినారు. చార్మినారు గురించి, గోలకొండ గురించి ఎన్నో గ్రంథాలు ఉన్నవి. కంచన్‌బాగ్ గురించి అడిగితే మాత్రం ఆటో అతను కూడా "మిధానీ దగ్గరా?" అంటాడు. అందుచేత మన ఊసు మనమే చెప్పుకోవాలి.

ముందు పేరు చూడండి. కాంచనమంటే బంగారం, అది సంస్కృతం. బాగ్ అంటే తోట, అది ఫార్సీ. రెండూ కలిసి ఒక పేటకు పేరైనవి. మన బతుకులూ అంతే గదా! ఇంట్లో దక్కనీ మాట, అంగడిలో తెలుగు మాట, పిల్లవాడి పుస్తకంలో ఇంగ్లీషు. ఎవరూ ఎవరినీ ఆపమనరు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన హైదరాబాదు నగరాన్ని నిర్మించినాడు. మన వైపు ఆ పాత కోటగోడకు బాగా అవతల. దక్షిణాన చాంద్రాయణగుట్ట, దాన్ని దాటితే బార్కస్, ఇంకా ముందుకు పోతే హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ గారి పహాడీ షరీఫ్ దర్గా. ఆ రోడ్డే శ్రీశైలం దాకా పోతుంది. బార్కస్ అనే పేరు ఇంగ్లీషు వాళ్ల "బ్యారక్స్" నుంచి వచ్చిందే. యెమెన్ దేశంలోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయీల నివాసాలవి. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసినాక ఆ కొలువులు పోయినవి గాని మనుషులు పోలేదు. నేటికీ బార్కస్ జామపండ్లంటే ఊరంతా ఎగబడుతుంది. పొద్దున్నే వేడి వేడి హరీస్ కోసం మనవాళ్లు అక్కడికే పరుగెత్తుతారు.

మన పేట తీరు మారింది 1960ల నుంచి. రక్షణ పరిశోధనల కోసం డి.ఆర్.డి.ఎల్. 1962లో హైదరాబాదుకు వచ్చింది. లోహాల మీద పరిశోధన చేసే డి.ఎం.ఆర్.ఎల్. 1963లో మొదలైంది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ ఏర్పడినవి. భారత్ డైనమిక్స్ తొలుత ఫ్రాన్సు వారి సహకారంతో ట్యాంకులను కొట్టే క్షిపణులు తయారు చేసింది. మిశ్రధాతు, అనగా మన నోట్లో మిధానీ, టైటానియం, ప్రత్యేక ఉక్కు వంటి లోహాలను కరిగించి పోసే కర్మాగారం. రాకెట్లకూ విమానాలకూ కావలసిన లోహం మన గల్లీల పక్కనే తయారవుతున్నది. కంచన్‌బాగ్‌లో బంగారం లేదనుకుంటే పొరపాటే. అంతకంటె గట్టిదే ఉన్నది.

1982లో డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా వచ్చినారు. 1983లో పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అనే ఐదు క్షిపణుల కార్యక్రమం ప్రారంభమైంది. పృథ్విని 1988లో, అగ్నిని 1989లో మొదటిసారి ప్రయోగించినారు. రామేశ్వరంలో పడవ నడిపించే ఇంట్లో పుట్టి, చిన్నతనంలో పత్రికలు పంచిన పిల్లవాడు ఆయన. 2002లో దేశానికి రాష్ట్రపతి అయినారు. ఇవి అందరికీ తెలిసినవే.

మన సంఘానికి దగ్గరైన సంగతి ఇంకొకటున్నది. నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరు ఒకరు కలాం గారి ప్రయోగశాల చూడవచ్చి, క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకున్నారట. తన ఆస్పత్రిలో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు కాళ్లకు కట్టుకొని ఈడ్చుకుంటూ నడుస్తున్నారని చెప్పినారట. కొద్ది వారాల్లోనే 300 గ్రాముల క్యాలిపర్లు తయారైనవి. వాటితో నడిచిన పిల్లలను చూసిన ఆనందాన్ని కలాం గారు తరువాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. గోడకు అటు తయారైన విద్య గోడకు ఇటు ఉన్న పిల్లవాడి కాలికి ఉపయోగపడింది. సేవ అంటే ఇదే గదా!

ఇక గోడకు ఇటు చూద్దాం. ఫజర్ నమాజు వేళకు హోటళ్లలో చాయ్ పొయ్యి రాజుకుంటుంది. కుల్చా, నిహారీ కోసం గిన్నెలు పట్టుకొని పిల్లలు బయలుదేరుతారు. ఆడవాళ్లు ఇంటిపనులు ముగించి మగ్గం ముందు కూర్చుంటారు. కొందరు కుట్టుమిషను తొక్కుతారు. మగవాళ్లలో మెకానిక్కులున్నారు, వెల్డర్లున్నారు, ఆటో నడిపేవాళ్లున్నారు, గల్ఫ్ నుంచి డ్రాఫ్టు పంపేవాళ్లున్నారు. చేతిలో పని లేనివాడు తక్కువ. చేతిలో సర్టిఫికెట్టు ఉన్నవాడు ఇంకా తక్కువ.

ఆ ఉన్న సర్టిఫికెట్ల గతి 2020 అక్టోబరులో చూసినాము. 13వ తేదీన కురిసిన వాన ఒక ఎత్తు. 17వ తేదీ రాత్రి బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ గల్లీల్లోకి వచ్చిపడ్డ నీళ్లు ఒక ఎత్తు. బియ్యం పోయినవి, పరుపులు పోయినవి, కుట్టుమిషన్లు బురదలో కూరుకుపోయినవి. నీళ్లు తీసినాక మిద్దెల మీద ఏమి ఆరవేసినారో గుర్తుందా? బట్టల పక్కనే పదో తరగతి మెమోలు, రేషను కార్డులు, నిఖానామాలు! ఆ రోజు ఎవరి మతమేమిటని ఎవరూ అడగలేదు. వండినవాడు వండినాడు, మోసినవాడు మోసినాడు. అల్లాహ్ వారందరికీ మేలు చేయుగాక.

పై నుంచి వచ్చే నీళ్లు మనం పిలవకపోయినా ఇంట్లోకి వస్తవి. చదువు అట్లా రాదు. దాని దగ్గరికి మనమే నడిచి పోవాలి. 2021 డిసెంబరులో కలాం గారి పేరుతో మన కూడలిలో ఫ్లైఓవరు తెరిచినారు. సంతోషమే. అయితే దాని కింద నుంచి పోయే మన పిల్లవాడు ఆ పేరు చదివి ఊరుకుంటే చాలునా?

మన పక్కనున్న ఈ కర్మాగారాలు ఐ.టి.ఐ. చదివిన పిల్లలను అప్రెంటిసులుగా తీసుకుంటున్నవి. ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను, ఇవన్నీ మన పిల్లలకు కొత్త పనులు కావు. షెడ్డులో పదేళ్లుగా చేస్తున్నవే. అప్రెంటిసుగా చేరినంత మాత్రాన పక్కా ఉద్యోగం వస్తుందని మేము చెప్పడం లేదు. కాని ఆ శిక్షణ కాగితంతో ఎక్కడికి పోయినా కూర్చోమంటారు. పని వచ్చి కాగితం లేనివాణ్ణి నిలబెట్టే మాట్లాడతారు. ఇది మనకు అనుభవమే.

కాబట్టి ఈ సభ ముందు మూడు మనవులు. ఒకటి, పదో తరగతి మధ్యలో మానిన పిల్లల పేర్లు గల్లీ గల్లీకి రాసి సంఘానికి ఇవ్వండి. ఓపెన్ స్కూలు ద్వారా పరీక్షకు కట్టిద్దాము. ఆడపిల్లల పేర్లు మరువకండి. రెండు, అప్రెంటిసు ప్రకటన పడినప్పుడు మసీదు నోటీసు బోర్డు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టిద్దాము. ఫారము నింపడానికి చదువుకున్న మన యువకులు సాయంత్రం ఒక గంట కూర్చోవాలి. మూడు, వానకాలం రాకముందే ఇంటి కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టండి, నకళ్లు తీయించండి. నాలాలో చెత్త వేసే చేతిని అక్కడికక్కడే ఆపండి, అది మన చేయి అయినా సరే.

ఈ పనులకు చందా పెద్దగా అక్కరలేదు. మనుషులు కావాలి. సభ ముగిసినాక బయట బల్ల మీద రిజిస్టరు ఉంచుతున్నాము. భోజనానికి పోయేముందు మీకు తెలిసిన ఒక్క పిల్లవాడి పేరో, ఒక్క అమ్మాయి పేరో అందులో రాసి పోవాలని ప్రార్థన.

ఖుదా హాఫిజ్.