అతుకుల బొంత

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘క్విల్ట్ ఆర్టిస్ట్’ అని వేశారు. మా అమ్మ ఉండుంటే, చదివించుకుని విని, “అంటే బొంతలు కుట్టేదనేగా” అనేది. అవును, అదే. పేపర్ల వాళ్లు సంకీర్ణ ప్రభుత్వం వచ్చినప్పుడల్లా ‘అతుకుల బొంత’ అని హెడ్డింగు పెడతారు. ఆ హెడ్డింగు పెట్టేవాళ్లు ఎప్పుడూ బొంత కుట్టి ఉండరని నా అనుమానం. సరిగా వేసిన అతుకు దగ్గర బొంత చిరగదండీ. చిరిగితే దాని పక్కన చిరుగుతుంది.

మన చీరాలలో పెరిగినవాళ్లకి గుడ్డ గురించి నేను చెప్పేదేముంది? జాండ్రపేట వైపు వెళితే ప్రతి ఇంట్లో మగ్గం చప్పుడే. వేసవి సెలవుల్లో మా వీధిలోకి బొంతలు కుట్టేవాళ్లు వచ్చేవారు. మా నాయనమ్మ అటక మీది పాత చీరల మూట దింపించేది. అరుగు మీద నాలుగైదు పొరలు పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, దబ్బనంతో అంచు నుంచి మధ్యకి కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. కూలి కొంత డబ్బు, కొంత బియ్యం, మధ్యాహ్నం అన్నం. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని. కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవుల పక్కన ఉండే సిద్దీ స్త్రీలు కూడా ‘కవంది’ అనే బొంతను ఇలాగే అంచున మొదలుపెట్టి లోపలికి తిప్పుకుంటూ వస్తారని చాలా ఏళ్లకు తెలిసింది. బెంగాల్లో దీన్ని కాంథా అంటారు, బిహార్‌లో సుజనీ. పేరేదైనా పని ఒకటే. కట్టి కట్టి మెత్తబడ్డ గుడ్డను పారేయలేక, పొర మీద పొర వేసి కుట్టుకోవడం.

ఇక మన బడి. తొమ్మిదో తరగతిలో వారానికి రెండు పీరియడ్లు కుట్లు ఉండేవి. పది అంగుళాల గాడా గుడ్డ ముక్క మీద రన్నింగు, గొలుసు కుట్టు, కాడ కుట్టు. మా కుట్టు టీచరుగారు మేం చూపించిన వైపు ఎప్పుడూ చూసేవారు కాదు. “తిప్పు” అనేవారు. వెనక ముడులు, దాటేసిన దారాలు కనబడితే మొత్తం విప్పించేవారు. నాది మూడుసార్లు విప్పించారు. ఆ రోజు నేను ఏడ్చిన సంగతి ఆవిడకు గుర్తుండదు. ముందు వరుసలోనే కూర్చున్నారు, నవ్వుతున్నారు కూడా.

గుంటూరులో మా ఇంట్లో నా పని 2009లో భోజనాల బల్ల మీద మొదలైంది. అందరూ తిన్నాక బల్ల తుడిచి, దుప్పటి పరిచి, గుడ్డలు తీసేదాన్ని. మళ్లీ టిఫిన్ల వేళకు సర్దేయాలి. సాంబారులో దారప్పోగు వచ్చిన రోజులున్నాయి. మావాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక వాడి గది నాదైంది. పదడుగులు, పదకొండడుగులు. ఒక గోడకి తెల్ల ఫ్లానెల్ గుడ్డ కొట్టించాను. ముక్కల్ని దాని మీద అద్దితే గుండుసూది లేకుండానే అంటుకుంటాయి. రెండ్రోజులు అటూ ఇటూ తిరుగుతూ చూసుకుంటాను. ఏ రంగు పక్కన ఏ రంగు అరుస్తోందో అప్పుడు తెలుస్తుంది.

ఇంట్లోనే స్టూడియో అంటే అందరికీ ముచ్చటగా ఉంటుంది. కానీ ఇంట్లో ఉన్న ఆడది పనిలో ఉందని ఎవరూ ఒప్పుకోరు. పక్కింటి గ్యాస్ బండ, ఎదురింటి కొరియరు, కింద ఇంటివాళ్ల పిల్లాడు, అందరూ నా గుమ్మంలోకే వస్తారు. “ఇంట్లోనేగా వదినా ఉండేది.” డబుల్ కాట్ బొంత చేత్తో కుడితే నాకు ఆరు వారాలు పడుతుంది. ధర చెప్పగానే, “గుడ్డ మేమే ఇస్తున్నాంగా, మళ్లీ ఇంతెందుకు?” అంటారు. మొదట్లో జవాబు చెప్పలేక తగ్గించేదాన్ని. ఇప్పుడు ఎన్ని గంటలు పట్టిందో గోడ మీది క్యాలెండర్లో రాసుకుంటాను, అడిగితే చూపిస్తాను. మావారు బ్యాంకులో రిటైరయ్యారు. రోజూ సాయంత్రం ఇరవై సూదుల్లో దారం ఎక్కించి వరసగా గుచ్చి పెడతారు. నా కళ్లకు ఇప్పుడు ఆ పని చేతకాదు.

నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా పోయినవాళ్ల బట్టలు. నాన్న పంచెలు, అమ్మ చీరలు, ఒక్కోసారి చిన్నపిల్లల గౌన్లు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. ఒకప్పటి బానిసల వారసులైన నల్లజాతి స్త్రీలు అక్కడ కుట్టిన బొంతలను 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకు కట్టారు. 2006లో తపాలా బిళ్లల మీద కూడా వేశారు. అందులో మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టినది ఒకటుంది. భర్త పోయాక ఆయన పొలం పని బట్టలు చింపి, కప్పుకోవడానికి కుట్టుకుంది. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన మచ్చలు అలాగే ఉంచింది. ఆ బొమ్మ పుస్తకంలో చూశాక, మరకలున్న ముక్కల్ని పక్కన పడేయడం మానేశాను.

కమిటీ వాళ్లు నన్ను ‘విజయగాథ’ చెప్పమన్నారు. నేను ఇంకోటి చెబుతాను.

పన్నెండేళ్ల కిందట ఒకావిడ వాళ్లమ్మగారి చీరలు ఏడు పంపారు. అందులో పాలనురుగు రంగు వెంకటగిరి చీర ఒకటి, ముదురు ఎరుపుది ఒకటి. కొత్త గుడ్డనైనా పాత గుడ్డనైనా కలిపి తడిపే ముందు పరీక్ష చేయాలి. ఒక మూల తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కితే రంగు దిగేదైతే అక్కడే బయటపడుతుంది. నాకు తెలుసు. కానీ ఇంట్లో పెళ్లి, చుట్టాలు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదని మనందరికీ ఉన్న నమ్మకమే నాకూ ఉంది. అన్నీ ఒకే బకెట్లో వేశాను. గంట తర్వాత చూస్తే వెంకటగిరి చీర గులాబీ రంగు చారలతో ఉంది. దిగే రంగు ఉప్పుకి ఆగదండీ, దిగి తీరుతుంది.

ఆ రాత్రి నాకు వచ్చిన ఆలోచన కూడా చెబుతాను. అలాంటి చీర కొట్లో దొరుకుతుంది. కొని, నాలుగుసార్లు ఉతికి, ముక్కలు చేసి కుట్టేస్తే ఆవిడకు తెలిసే దారి లేదు. మర్నాడు పొద్దున కొట్టు దాకా వెళ్లాను. చీర తీయించి చేత్తో పట్టుకున్నాను కూడా. మెత్తగా లేదు. ముప్ఫై ఏళ్లు కట్టిన చీర మెత్తదనం నాలుగు ఉతుకుల్లో రాదు. అది నా చేతికి తెలిసినప్పుడు ఆవిడ చేతికి తెలియదా అనిపించింది. నిజాయితీ అనకండి, భయమే ముందు వచ్చింది. ఇంటికొచ్చి ఫోన్ చేశాను.

“ఏ చీరండీ?” అన్నారు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అది అమ్మ ఆస్పత్రికి కట్టుకెళ్లింది. అన్నీ వెనక్కి పంపేయండి” అన్నారు. ఎరుపు చారలున్న చీరతో సహా ఏడూ మడిచి, అడ్వాన్సు డబ్బుతో పంపాను. ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు ఎవరి బట్టా తీసుకోలేదు. గదికి తాళం వేసి, గ్యాస్ బండలు దింపించుకుంటూ కూర్చున్నాను. మావారే ఒకరోజు తాళం తీసి, ఏమీ అనకుండా సూదుల్లో దారం ఎక్కించి పెట్టి పోయారు.

ఇక, ఆ మూల బల్ల మీద పరిచి ఉన్నది చూడండి. ఉత్తరం రాస్తే మీరంతా పంపిన ముక్కలవి, మొత్తం ముప్ఫై ఏడు. నీలం లంగాలు, తెల్ల ఓణీలు, ఎన్‌సీసీ ఖాకీ చొక్కా జేబు, లెక్కల మాస్టారి పంచె అంచు, మన గంట కొట్టే తాత తువ్వాలు. ప్రతి ముక్కనూ రెండుసార్లు పరీక్ష చేశాను. ఒకటి దిగింది. పంపిన అన్నయ్యకి ఫోన్ చేసి సంగతి చెబితే, నవ్వి వేరేది పంపారు. బొంతను లైబ్రరీలో కట్టాలని కమిటీ నిర్ణయం. ఎండ పడని గోడకి కట్టండి, పుస్తకాల కంటే ముందు రంగులు వెలుస్తాయి.

టీ వచ్చినట్టుంది, ఆపేస్తాను. టీచరుగారూ, మీరు లేవకండి, బొంతను మీ దగ్గరికే తెస్తాను. తిప్పి చూడండి. ఖాకీ జేబు వెనక ఒక ముడి ఉంటుంది. అది నాకు తెలుసు.