కౌలుభూమి - ఊరినీరు

(ఎలమంచిలి వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించి యున్నారు. నాకొసగిన కొలదివేళలో మన పల్లెల నూతినీటిని గూర్చి విన్నవించెదను. ఇది కులసంఘమునకు తగిన విషయమా యని కొందఱికి తోపవచ్చును. ఈ సభయందాసీనులైనవారిలో పెక్కురు భూవసతి గలవారు. వారిలో పెక్కురు తమ భూములను కౌలున కిచ్చి పట్టణములలో నుండువారు. కావుననే యీ మాట ఇచ్చట చెప్పవలసి వచ్చినది.

కొండలపై బడిన వాన గెడ్డలుగా దిగి, చెఱువులు నింపి, నేలలో నింకి, నూతులలో నూరుచున్నది. మిగిలినది వరాహానదిగను, శారదానదిగను సముద్రమును జేరుచున్నది. పొలములో మనము చల్లినదియు నీ మార్గముననే పోవును. యూరియా నేలబడిన కొలదిదినములలో అమోనియాగను, పిదప నైట్రేటుగను మారును. బంకమన్ను అమోనియాను పట్టియుంచగలదు గాని నైట్రేటును పట్టియుంచలేదు. పైరు పీల్చగా మిగిలినది వాననీటితో దిగి నూతిని జేరును. ఇసుకపాలు హెచ్చైన నదీతీరపు నేలలలో మఱింత త్వరగా జేరును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. మించిన నీటితో పాలపొడి కలిపి పట్టినచో, పసికందు నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తిని గోల్పోయి, మేను నీలివర్ణము దాల్చవచ్చును. నీరు కాచినంతమాత్రమున నిది పోదు; ఆవిరియై నీరు తగ్గుటచే మఱింత చిక్కనగును. దీనికి రంగు లేదు, వాసన లేదు.

మందు తెలియని రోగము కాదిది. పూర్వపు ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు 2003-04 నాటికే పురుగుమందులను విడిచిరి. ఆంధ్రప్రదేశమున 2016లో ప్రారంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమునకు 2024లో గుల్బెంకియన్ పురస్కారము లభించినది. వానకు ముందే నవధాన్యములు చల్లి నేలను పచ్చగా కప్పియుంచుట, గెత్తము తోలుట, జనుము, జీలుగ పెంచి దున్నుట, గెడ్డయొడ్డున కొంత మేర దున్నక గడ్డిని, చెట్లను పెరుగనిచ్చుట - వీనిలో మన తాతలెఱుగనిది స్వల్పము.

మఱి చిక్కెక్కడ? కౌలుపత్రములో నున్నది. 2019లో చేసిన సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పంటపైననే హక్కునిచ్చినది, భూమిపై నీయలేదు. పత్రము 11 నెలలది. దానికి యజమాని సంతకము కోరినది. అంతమాత్రమునకే మనలో పెక్కురము కలము ముట్టమైతిమి. వచ్చు నేడు మఱొకనికి పోవు నేలలో కౌలుదారు గెత్తమేల తోలును? ఆ గట్టున చెట్టేల నాటును? యూరియా వేసి, పది దినములలో పైరు నల్లబడుట చూచుకొనును. ఆతని తప్పేమి?

నేనును ఇరువదియేండ్లు విశాఖపట్టణమున గూర్చుండి, యేటేట హెచ్చు మక్తా యిచ్చువానికే పొలమిచ్చితిని. బస్తాలు లెక్కించుకొంటినేగాని గట్టు సంగతి యడుగలేదు. వేసవిలో పల్లెకు పోవునపుడు మా యింటివారు సీసానీరు వెంట గొనిపోయెడివారు. మా పొలము దున్నువాని పిల్లలు మాత్రము ఆ నూతినీరే త్రాగుచుండిరి. కౌలుదారులలో మన కులమువారు కానివారే హెచ్చు, నూయి కులమెఱుగదు.

నిరుడు నా కౌలుదారుతో మూడేండ్లకు ఒప్పుకొంటిని. గెత్తము, జనుమువిత్తుల వెలలో సగము నాది. మొదటిపంట కొంత తగ్గినది. ఆ మేరకు మక్తా తగ్గించుకొంటిని. ఇంటిలో సణుగుడు లేకపోలేదు. నూతినీరు బాగుపడుటకు ఏండ్లు పట్టును. నేలలో నిదివఱకే చేరినది యింకను దిగుచునే యుండును. ఈ సంగతి దాచి యెవరిని ఆశపెట్టను.

అమెరికాలోని న్యూయార్కు నగరము 1997లో ఎగువ గ్రామములతో ఒడంబడిక చేసికొని, గొప్ప వడపోత కర్మాగారము కట్టుటకు మాఱుగా, రైతుల పొలములను, పశుశాలలను బాగుచేయుటకు తన సొమ్ము వెచ్చించినది. రైవాడ నీరు త్రాగు విశాఖనగరము ఎగువరైతులకేమి చేయవలెనను ప్రశ్న న్యాయమైనదే. కాని నగరమును మనమడుగ బోయిన, 'మీ కౌలుదారునకు మీరేమి చేసితిరి?' అని వారడుగరా?

పోషకమహనీయులకు నా మనవి రెండే మాటలు. సంఘనిధినుండి ఒక్కొక్క గ్రామమున రెండేసి నూతుల నీటిని, వానలకు ముందొకసారి, తరువాత నొకసారి పరీక్షింపజేయుడు. ఫలితములను సంఘపుస్తకమున గాక రచ్చబండవద్ద వ్రాయింపుడు. మూడేండ్ల కౌలుపత్రపు నమూనాలను భోజనశాల ద్వారముకడ బల్లపై నుంచితిని. పైనున్నది నేను సంతకము చేసిన ప్రతి. సందేహము గలవారు మధ్యాహ్నము నన్నచ్చటనే కలియవచ్చును.