వెన్నుపాము గాయాలు – కలిసికట్టు పరిశోధన
(మన విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. బి.పి., షుగర్ గురించి మనకు చెప్పేవారు చాలామందే ఉన్నారు. అందుకని వెన్నుపాము గాయాల విషయం ఎత్తుకున్నాను. నేను డాక్టర్‌ను కాను. ఆబ్కారీ శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. తాటిచెట్టు మీది నుండి పడిన గీత కార్మికుల పరిహారం ఫైళ్ళు ఏళ్ళ తరబడి నా బల్ల మీదుగా వెళ్ళాయి. చనిపోయినవారి ఫైలు ఏదో ఒకనాటికి ముగిసేది. నడుము పడిపోయి మంచాన పడ్డవారి కష్టం మాత్రం ముగిసేది కాదు. ఇంటి ఇల్లాలు బీడీలు చుట్టి సంసారం ఈడ్చేది.

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఈ గాయాలు కొత్త కాదు. మోకు జారి పడ్డ గౌడన్నలు, బొగ్గుబావిలో కప్పు కూలి దెబ్బతిన్న సింగరేణి కార్మికులు, ఈనాడు మోటారు సైకిళ్ళ మీద వెళ్ళే మన మనుమలు – అందరిదీ ఒకే బాధ. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ప్రారంభించింది. మంచి పని. కానీ ఇదివరకే పడిపోయినవారి మాటేమిటి?

వెన్నుపాము చిటికెన వేలంత లావుండే నరాల కట్ట. మెదడు ఆజ్ఞలు కాళ్ళకు, చేతులకు, మూత్రాశయానికి చేరేది దాని గుండానే. చేతి నరం తెగితే కొంతవరకు మళ్ళీ పెరుగుతుంది. వెన్నుపాములోని నరాలు అలా పెరగవని 1928లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కాహాల్ రాశాడు. అనుకూలమైన దారి చూపిస్తే అవీ పెరగగలవని 1981లో కెనడాలో అగ్వాయో బృందం ఎలుకలలో నిరూపించింది. అప్పటి నుండి ఆశ పుట్టింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఒక్కో ప్రయోగశాల ఒక్కో రకంగా గాయం చేసి, ఒక్కో రకంగా కొలిచేది. ఒకచోట పనిచేసిన మందు మరొకచోట పనిచేసేది కాదు. 1990లలో అమెరికాలో వైజ్ యంగ్ అనే వైద్యుడి చొరవతో కొన్ని ప్రయోగశాలలు ఒక్కటై ఒకే పరికరం, ఒకే పద్ధతి పెట్టుకున్నాయి. 10 గ్రాముల కడ్డీని నిర్ణయించిన ఎత్తు నుండి జారవిడిచేవారు. మనుషుల విషయంలోనూ అంతే. 1982లో అమెరికా వెన్నుగాయాల సంఘం పరీక్షా ప్రమాణాలు తయారుచేసింది. ఆ తరువాత సవరించుకుంటూ వచ్చిన ఆ ప్రమాణాలనే నేడు అనేక దేశాల్లో వాడుతున్నారు. ‘ఎ’ అంటే పూర్తి గాయం, ‘ఇ’ అంటే మామూలు స్థితి.

గుమాస్తాలమైన మనకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఆ 1990ల నాటి ప్రయోగాల రికార్డులను కాలిఫోర్నియాలో ఆడం ఫెర్గూసన్ బృందం మళ్ళీ వెలికితీసి, కంప్యూటర్‌కెక్కించి పరిశీలించింది. ఆపరేషన్ సమయంలో రక్తపోటు ఎక్కువైన ఎలుకలు సరిగా కోలుకోలేదని తేలింది. ఈ ఫలితం 2015లో ప్రచురించారు. అంకెలన్నీ పాత కాగితాల్లోనే ఉన్నాయి. అన్నిటినీ ఒకచోట చేర్చి చూసినవారే లేకపోయారు! రికార్డు భద్రపరచడమంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా?

2023లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో కూర్తీన్ అనే శాస్త్రజ్ఞుడు, బ్లాక్ అనే శస్త్రవైద్యురాలు, ఫ్రాన్స్ ఇంజనీర్లతో కలిసి మెదడుకు, వెన్నుపాముకు యంత్రంతో వంతెన వేశారు. 2011లో సైకిల్ ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడ్డ ఒక వ్యక్తి చేతికర్రల సాయంతో నడవగలిగాడు. ఇది అందరికీ అందే వైద్యం కాదు. ఎవరైనా ‘స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే లేచి నడుస్తాడు’ అని లక్షలు అడిగితే పొలం అమ్ముకోవద్దని మన వాళ్ళకు చెప్పండి.

మన దేశంలోనూ దారి చూపినవారున్నారు. 1954లో ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసి, వెల్లూరులో పునరావాస వైద్యానికి పునాది వేశారు. 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడు యుద్ధంలో వెన్నుకు గుండు తగిలిన మేజర్ అహ్లూవాలియా ఢిల్లీలో వెన్నుగాయాల ఆసుపత్రి స్థాపించారు.

మన ఉమ్మడి జిల్లాల్లో ఒకప్పుడు ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల కూడా లేదు. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల. 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ కళాశాలలు వచ్చాయి. ఈ ఎనిమిదీ ఒకే నమూనా రిజిస్టరు పెట్టి, ఎవరు ఎక్కడ పడ్డారు, ఎన్ని గంటలకు ఆసుపత్రి చేరారు, ఏడాది తరువాత ఎలా ఉన్నారు అని రాసి, నిమ్స్ వంటి పెద్ద సంస్థతో పంచుకుంటే చాలు, అదే పరిశోధనకు నాంది. ఈ మేరకు మన సంఘం తీర్మానం చేసి కలెక్టర్లకు పంపాలని ప్రతిపాదిస్తున్నాను. రిజిస్టరు గడులు గీసిపెట్టే పని నాకు అప్పగించండి.

అంతవరకు మూడు మాటలు ఇంట్లో అందరికీ చెప్పండి. పడ్డ మనిషిని చంకల కింద చేతులు వేసి లేపవద్దు. తల, మెడ కదలకుండా పట్టుకొని 108కి ఫోన్ చేయండి. మంచాన ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్క మార్చండి. పుండు పడితే ప్రాణం మీదికి వస్తుంది. మూత్రం గొట్టం శుభ్రత డాక్టర్ చెప్పినట్లు పాటించండి.