మట్టి పళ్ళెంలో తిన్న మహారాణి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్రలోంచి ఒక స్త్రీని గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. రుద్రమదేవి గురించి, ఝాన్సీ లక్ష్మీబాయి గురించి ఈ వేదిక మీద నాకంటే బాగా చెప్పినవారున్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్తున్నాను. దేశం స్పెయిన్. కాలం ఏడువందల ఏళ్ళ కిందటిది. ఆవిడ పేరు మరియా డి మోలినా. స్పెయిన్ రాణి అనగానే అందరికీ కొలంబస్‌ను ఓడలిచ్చి పంపిన ఇసబెల్లా గుర్తుకొస్తుంది. ఈవిడ ఆవిడకంటే సుమారు రెండువందల ఏళ్ళు ముందుది. ఇసబెల్లాకు పేరెక్కువే గాని, నా ఓటు మాత్రం మరియాకే. కారణం చెబుతాను. ఆవిడ బతుకంతా రెండు కాగితాల చుట్టూ తిరిగింది. ఒకటి శాంక్షను కాగితం, రెండోది జమాఖర్చుల లెక్క. వాటి విలువ ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకు ఒకరు చెప్పాలా?

అప్పటికి స్పెయిన్ ఒకే దేశం కాదు. నడుమ కాస్టీల్, లియోన్ కలిసిన రాజ్యం. తూర్పున ఆరగాన్, పడమట పోర్చుగల్, దక్షిణాన ముస్లిం రాజులు ఏలే గ్రెనడా. కాస్టీల్ రాజు పదవ అల్ఫోన్సో మహా పండితుడు. ఆయన పెద్దకొడుకు 1275లో ఇద్దరు పసిపిల్లలను వదిలి పోయాడు. మరి వారసుడెవరు? బతికున్న రెండో కొడుకు సాంచోనా, పోయిన కొడుకు బిడ్డలా? దేశాచారం కొడుకంది. రాజుగారు స్వయంగా రాయించిన ధర్మశాస్త్రం మనుమళ్ళంది. మన సివిల్ కోర్టుల్లో మూడు తరాలు నడిచే దావా ఇది. సాంచో అంతకాలం ఆగే మనిషి కాదు. 1282లో తండ్రి మీదే తిరగబడ్డాడు. ఆ ఏడే టోలెడో నగరంలో మరియాను పెళ్ళాడాడు.

చిక్కంతా ఆ పెళ్ళితోనే మొదలైంది. మరియా తండ్రీ, సాంచో తాతగారూ సొంత అన్నదమ్ములు. అంటే ఆవిడ సాంచో తండ్రికి చెల్లెలి వరస. మన లెక్కలో సాంచోకు మేనత్త వరస. మేనత్త కూతుర్ని చేసుకుంటాం గాని మేనత్తను చేసుకోం కదా! చర్చి వారి నిబంధన ప్రకారం కూడా అంత దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళి కుదరదు. చేసుకోవాలంటే ముందుగా పోపుగారి మినహాయింపు కావాలి. వీళ్ళు ఆ మినహాయింపు రాకుండానే చేసుకున్నారు. దానికి తోడు సాంచోకు చిన్నప్పుడే మరో ప్రభువుల పిల్లతో కుదిర్చిన సంబంధం ఒకటి కాగితం మీద రద్దు కాకుండా ఉండిపోయింది. ఒక ఫైలుకు రెండు అభ్యంతరాలన్నమాట. 1283లో అప్పటి పోపు నాలుగవ మార్టిన్ ఈ పెళ్ళి చెల్లదు, విడిపొమ్మన్నాడు.

సాంచో విడిచిపెట్టలేదు. ఈమెను వదిలేసి ఫ్రెంచి రాజకుమార్తెను చేసుకుంటే పనులన్నీ చక్కబడతాయని రాయబారాలు నడిపినవాళ్ళున్నారు. ఆయన వినలేదు. ఆయన ముక్కోపి, తండ్రిని క్షోభపెట్టినవాడు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయనను మెచ్చుకుంటాను. 1284లో తండ్రి పోగానే ఇద్దరూ టోలెడోలో కిరీటం పెట్టుకున్నారు. ఏడుగురు బిడ్డలు పుట్టారు. కాని కాగితం లేనంతకాలం చర్చి దృష్టిలో ఆ ఏడుగురూ అక్రమ సంతానమే. సింహాసనం కోరే శత్రువు కత్తి దూయనక్కరలేదు, ఆ మాట గట్టిగా అంటే చాలు. పోపుగారు సీసపు ముద్ర వేసి ఇచ్చే ఉత్తర్వును బుల్ అంటారు. 1292 తేదీతో అలాంటి ఉత్తర్వు ఒకటి బయటికి వచ్చింది గాని, అది ఫోర్జరీ అని తరువాత తేలింది. దాన్ని నేను సమర్థించను. దొంగ కాగితం వల్ల అసలు కాగితం మరింత ఆలస్యమవుతుందే గాని త్వరపడదు.

1295 ఏప్రిల్‌లో సాంచో జబ్బుచేసి పోయాడు. పెద్దకొడుకు ఫెర్నాండోకు తొమ్మిదేళ్ళు. రాజప్రతినిధి పదవికి భర్త పినతండ్రి ఎన్రిక్ సిద్ధమయ్యాడు. ఇటలీలో ఇరవై ఏళ్ళకు పైగా ఖైదులో ఉండి తిరిగొచ్చిన ముసలాయన. చివరికి ఒప్పందమేమిటంటే పదవి ఆయనది, పిల్లవాడి సంరక్షణ తల్లిది. పదవి ఒకరిది, పని ఇంకొకరిది. ఇది మనం చూడని ఏర్పాటేం కాదు.

మరియా కొడుకును తీసుకుని వల్లాడోలిడ్ పట్టణానికి వెళ్ళింది. కోర్టెస్ అనే ప్రతినిధుల సభ అక్కడ జరగాలి. అక్కడివాళ్ళు రాణిగారి ముఖం మీదే కోట తలుపులు మూశారు. గంటల తరబడి బయట నిలబెట్టి, చివరికి తల్లినీ బిడ్డనూ మాత్రం లోపలికి రానిచ్చారు, పరివారాన్ని రానివ్వలేదు. రాణి దాన్ని పరాభవంగా పట్టించుకోలేదు. జనం విసిగిపోయిన సరుకుల పన్నును ఎత్తివేసింది. పట్టణాలవాళ్ళు చెప్పుకున్నది విన్నది. ప్రభువుల మాట నిలకడ ఎంతో ఆవిడకు తెలుసు. పట్టణాల్లోని వర్తకులూ పెద్దమనుషులూ పక్కనుంటే బిడ్డ నిలబడతాడని గ్రహించింది. ఆవిడ రాజనీతి అంతా ఇంతే.

1296లో నాలుగు వైపుల నుంచీ మీద పడ్డారు. పోయిన పెద్దకొడుకు బిడ్డ అల్ఫోన్సో కాస్టీల్ రాజునని ప్రకటించుకున్నాడు. మరిది హువాన్ లియోన్ రాజునన్నాడు. ఈ హువాన్ సంగతి ఒకటి చెప్పాలి. 1294లో టారిఫా కోటను ముట్టడించి, కోట అప్పగించకపోతే నీ కొడుకును చంపుతానని కోట నాయకుణ్ణి బెదిరించి, అన్నంత పనీ చేసిన మనిషి. ఆరగాన్ సేన మయోర్గా అనే ఊరిని ముట్టడించింది. అయితే శిబిరంలో అంటువ్యాధి ప్రబలి సేనాని అయిన రాజకుమారుడే పోయాడు. సేన వెనుదిరిగింది. అది అదృష్టం. మరుసటి ఏడు 1297లో పోర్చుగల్‌తో కుదుర్చుకున్న అల్కనీసెస్ సంధి మాత్రం ఆవిడ తెలివి. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే కుండమార్పిడి సంబంధాలతో ఆ వైపు యుద్ధం ఆపింది. అప్పుడు గీసిన సరిహద్దు చాలావరకు ఈనాటికీ అలాగే ఉంది.

ఇక కాగితం. పోపు ఎనిమిదవ బోనిఫేస్ 1301లో ఆ బుల్ మంజూరు చేశాడు. పెళ్ళి సక్రమం, సంతానం సక్రమం. ఖర్చు పదివేల మార్కుల వెండి. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకు, భర్త పోయిన ఆరేళ్ళకు వచ్చింది శాంక్షను. పెన్షనరు కాలం చేశాక ఇంటికి చేరిన ఎరియర్లలాగా. అయినా బిడ్డల హక్కు నిలిచింది, అది చాలనుకుంది.

ఆ డిసెంబరులో కొడుక్కి పదహారు నిండి స్వయంగా రాజ్యం చేపట్టాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఈ హాల్లో కొందరికి కష్టంగా ఉండవచ్చు. కాలం మారగానే మరిది హువాన్ కుర్ర రాజు పంచన చేరాడు. లారా వంశపు ప్రభువొకడు అతనికి తోడు. వేటలకూ వినోదాలకూ తిప్పుతూ, మీ అమ్మగారు నీ సొమ్ము తినేసిందని చెవిలో నూరిపోశారు. ఆ కాలపు రాజచరిత్రలో రాసిన ప్రకారం ఆరోపణ ఏటా నలభై లక్షల మరవేదీలు. అది వాళ్ళ నాణెం. కొడుకు నమ్మాడు. 1302లో మెడీనా డెల్ కాంపోలో కోర్టెస్ జరిగినప్పుడు తల్లి పాలన లెక్కలు అడిగారు.

పట్టణాల ప్రతినిధులు మండిపడ్డారు. ఆవిడే వాళ్ళను శాంతపరిచింది. ఏడవలేదు, ప్రమాణాలు చేయలేదు. లెక్కలు తెమ్మంది. రాణిగారి ఛాన్సలర్, శాంటాండర్ మఠాధిపతి నూన్యో పెరెజ్ చిట్టా తెచ్చి సభ ముందు పెట్టాడు. వచ్చినదెంత, ఏ కోటకెంత, ఏ దండుకెంత, అన్నీ ఉన్నాయి. నలభై లక్షలు తినడం మాట అటుంచి, ఆవిడ అప్పుచేసి తెచ్చి పెట్టిన సొమ్మే ఇరవై లక్షలు తేలింది. నగలు అమ్మేసింది. వెండి సామానంతా అమ్మేసి, తాగడానికి ఒక్క వెండి గిన్నె ఉంచుకుంది. భోజనం మట్టి పళ్ళెంలో.

మిత్రులారా, నేను ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేశాను. ఆడిట్ వస్తుందంటే నిద్రపట్టని రాత్రులెలా ఉంటాయో నాకు తెలుసు. ఆ రాణిగారి కథలో నా మనసు ఎప్పుడూ ఆ నూన్యో పెరెజ్ దగ్గరే ఆగుతుంది. యుద్ధాల మధ్య, ఊరూరూ తిరిగే కొలువులో, ఆరేళ్ళ పద్దులు వరస తప్పకుండా రాసి భద్రపరిచిన మనిషి! చరిత్రకారులు ఆయనకు నాలుగు వాక్యాలు కూడా ఇవ్వరు. ఆ పుస్తకం లేకపోతే ఆ తల్లి మాట ఎవరు నమ్మేవారు?

కొడుకు మీద ఆవిడ కక్ష పెట్టుకోలేదు. కష్టం వచ్చినప్పుడల్లా పిలిచాడు, వెళ్ళింది, రాజీలు కుదిర్చింది. 1309లో ఫెర్నాండో జిబ్రాల్టర్‌ను జయించాడు. 1312లో ఇరవయ్యారేళ్ళకే పోయాడు. అతని కొడుకు పదకొండవ అల్ఫోన్సోకు ఏడాది నిండి నెల కూడా కాలేదు. ఏడాది తిరిగాక కోడలూ పోయింది. మళ్ళీ పసివాడు, మళ్ళీ ప్రభువులు, మళ్ళీ ఆవిడే. 1319లో గ్రెనడా మైదానంలో ఒకే రోజున ఆవిడ కొడుకు పెడ్రో, ఆ పాత మరిది హువాన్ ఇద్దరూ చనిపోయారు. రాజప్రతినిధి పదవి కోసం ముగ్గురు నలుగురు ప్రభువులు కొట్టుకుంటుంటే, అరవైకి దగ్గరపడిన అమ్మమ్మ వయసు మనిషి రాజ్యం చీలిపోకుండా పట్టుకు నిలబడింది.

1321 వేసవిలో వల్లాడోలిడ్‌లో మంచం పట్టింది. మనుమణ్ణి ఎవరికి అప్పగించాలి? బంధువుల్లో ఆవిడకు నమ్మదగినవాడు కనబడలేదు. పట్టణ పెద్దలందరినీ పిలిపించి, బిడ్డను వాళ్ళ చేతుల్లో పెట్టి, పెద్దవాడయ్యేదాకా ఎవరికీ ఇవ్వవద్దని చెప్పింది. ఒకనాడు ముఖం మీద తలుపులు మూసిన ఊరు అదే. ఆనాడు పక్కనున్న కొడుక్కి తొమ్మిదేళ్ళు, ఈనాడు మనుమడికీ తొమ్మిదేళ్ళే. జూలై 1న ఆవిడ పోయింది. ఆ ఊళ్ళోనే తన రాజభవనాన్ని సన్యాసినులకు మఠంగా ఇచ్చేసింది. ఆవిడ సమాధి అక్కడే ఉంది. వల్లాడోలిడ్ వాళ్ళు పిల్లవాణ్ణి కాపాడారు. 1325లో అతను రాజ్యం చేపట్టాడు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.