వేడినీటి తొట్టికి కాపలా

కాగిన నీళ్ళతో తలంటుకొని, ఒళ్ళు తేలికపడినదని సంతోషించడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. అయితే మన స్నానంలో నీరు ఒంటిమీదినుంచి జారి తూము దారిన పోతుంది. ఒకసారి పోసుకున్న నీళ్ళు మళ్ళీ పోసుకొనే ఆచారం మనకు లేదు. పాశ్చాత్యదేశాలలో పెరటి భోగంగా పేరుపొందిన హాట్ టబ్ సంగతి వేరు. అందులో సుమారు 1,500 లీటర్ల నీరు నింపి, 38 నుంచి 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నిలిపి, పంపుతో సుడులు తిప్పి, నలుగురైదుగురు మెడలోతు నీటిలో కూర్చుంటారు. ఆ నీటిని మరునాడు పారబోయరు. వారాల తరబడి, ఒక్కొక్కచోట నెలల తరబడి, అదే నీరు. అనగా నిన్న దిగినవారి స్నానజలంలోనే నేడు మనమూ దిగుతున్నామన్నమాట.

ఇంతదూరపు వేడుక మనకెందుకని శ్రోతలు అనుకోవచ్చును. అమెరికాలో స్థిరపడిన మనవారి ఇళ్ళలో కొన్నింట యీ తొట్టి ఉన్నది. పిల్లలను చూడబోయిన తల్లిదండ్రులను, "మోకాళ్ళ నొప్పులకు మంచిది, దిగండి నాన్నగారూ" అని ఆ పిల్లలే ప్రేమతో పిలుస్తారు. ఆ ప్రేమలో లోపం లేదు. అయితే నీరు చెడినప్పుడు ముందుగా హాని కలిగేది ఆ నాన్నగారి వయసువారికే.

ఈ తొట్టి పుట్టుకే ఒక రోగికోసం జరిగినది. ఇటలీనుంచి కాలిఫోర్నియాకు వలసవచ్చిన జకూజీ సోదరులు వ్యవసాయపు పంపులు తయారుచేసేవారు. వారిలో కాండిడో అనే ఆయన కుమారుణ్ణి పసితనంలోనే కీళ్ళవాతం పట్టుకున్నది. ఆ బిడ్డ ఉపశమనంకోసం, మామూలు స్నానపు తొట్టిలో నీటిని సుడితిప్పే చిన్న పంపును వారు కల్పించారు. అదే 1956లో విపణికి వచ్చినది. 1968లో ఆ కుటుంబపు తరువాతితరంవాడైన రాయ్ జకూజీ, నీటిధారలు గోడలలోనే అమర్చిన తొట్టిని రూపొందించాడు. చికిత్సగా పుట్టినది క్రమంగా విలాసమైనది.

సుఖమిచ్చే ఆ వేడి, ఆ సుడులే సూక్ష్మజీవులకూ అనుకూలాలు. లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి 25 నుంచి 45 డిగ్రీల మధ్య చక్కగా వృద్ధిపొందుతుంది. తొట్టి వేడి సరిగా ఆ మేరలోనిదే. సుడులు నీటిని పగులగొట్టి కంటికి కనిపించనంత సన్నని తుంపరలు చేస్తవి. ఆ తుంపరలు ఊపిరితో లోపలికి పోతే ఒక విధమైన న్యుమోనియా కలుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియా నగరంలో మాజీసైనికుల సంఘంవారు సభ జరుపుకొన్నప్పుడు ఈ జబ్బు వ్యాపించి సుమారు 30 మంది మరణించారు. కారణమైన క్రిమిని మరుసటి సంవత్సరం జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. ఆ సంఘం పేరే క్రిమికి పేరైనది.

అప్పటి సభకు, హాట్ టబ్బులకు సంబంధం లేదు. ఆ సంబంధం దారుణంగా బయటపడినది 1999 ఫిబ్రవరిలో, నెదర్లాండ్స్ దేశపు బోవెన్‌కార్స్పెల్ అనే ఊరి పుష్పప్రదర్శనలో. అక్కడ అమ్మకానికి చూపించిన సుడితొట్టి ఒకటి ఈ క్రిమికి నిలయమైనది. జబ్బుపడినవారు వందమందికి పైబడినారు. సుమారు 30 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు ఆ తొట్టిలో స్నానం చేసినవారు కారు. పూలు చూడవచ్చి, ఆ గాలి పీల్చినవారు. పొగతాగేవారికి, ఊపిరితిత్తుల జబ్బున్నవారికి, ఏబది దాటినవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

ఇక నీటిశుద్ధి సంగతి. మన గ్రామాలలో బావికి బ్లీచింగు పౌడరు వేయడం చాలామంది చూచే ఉంటారు. ఆరోగ్యశాఖవారు మందు కలిపి ఊరుకోరు. ఒక గంట గడచిన తరువాత నీటిలో క్లోరిన్ ఇంకా మిగిలినదా, లేదా అని పరీక్షిస్తారు. లీటరుకు అర మిల్లీగ్రామైనా మిగలవలెనని నియమం. ఎందుచేత? ఉన్న క్రిములు చచ్చినంతమాత్రాన చాలదు. రేపు బొక్కెనతో దిగే క్రిమిని ఎదుర్కొనడానికి కొంత మందు నీటిలో నిలిచి ఉండవలెను. దీనినే శేషక్లోరిన్ అంటారు. తొట్టి విషయంలో తెలుసుకోవలసిన సూత్రం కూడా ఇదొక్కటే. అక్కడ కావలసిన శేషం మాత్రం ఎక్కువ. క్లోరిన్ అయితే లీటరుకు 3 మిల్లీగ్రాములకు, బ్రోమిన్ అయితే 4 మిల్లీగ్రాములకు తగ్గరాదని అమెరికా ప్రభుత్వపు రోగనివారణ కేంద్రంవారు చెబుతున్నారు.

రోజూ కొలిచి మందు వేయడం విసుగుపని. అందుచేత శ్రమలేకుండా నీటిని శుద్ధి చేస్తామని చెప్పుకొనే సాధనాలు అనేకం వచ్చినవి. వాటిలో మొదటిది ఓజోన్ యంత్రం. విద్యుత్తుతో పుట్టిన ఓజోన్ వాయువు పంపుగొట్టంలోని నీటిలో కలిసి, క్రిములను చంపి, చెమటను, తైలమాలిన్యాలను దహిస్తుంది. దాని శక్తి గొప్పది, ఆయుర్దాయం మాత్రం స్వల్పం. వేడినీటిలో కొద్దిసేపటికే విరిగిపోతుంది. రెండవది అతినీలలోహిత దీపం. దాని ముందునుంచి పారే నీటిలోని క్రిములు నశిస్తవి. అయితే తొట్టిలో కూర్చున్నవారి చుట్టూ ఉన్న నీటికి, గొట్టాల లోపల జిగురుపొరలో దాగిన క్రిములకు ఆ కాంతి అందదు. మూడవది వెండి, రాగి కణాలను విడిచే గొట్టం. రాగిచెంబులో నీరు నిలవ ఉంచే మనకు ఇది వింత కాదు. కాని చెంబులోని నీరు రాత్రంతా నిలుస్తుంది; తొట్టిలో పక్కవారి ఒంటినుంచి వచ్చిన క్రిమి మనల్ని చేరడానికి నిమిషం చాలును. లోహాలది నెమ్మదియైన పని.

ఈ మూడింటిలో మొదటి రెండూ వాకిట నిలిచిన కాపలాదారుల వంటివి. తమ ముందునుంచి పోయేవానినే పట్టుకోగలవు. మూడవవాడు ఇంటిలోనే ఉంటాడు గాని, లేచేసరికి ఆలస్యమవుతుంది. ఇంటిలోపల మెలకువగా తిరిగే కాపలా క్లోరిన్, బ్రోమిన్‌లే. ముందు చెప్పిన సాధనాలుంటే వీటి ఖర్చు తగ్గుతుంది. వీటి అవసరం తీరదు.

నాలుగవది ఉప్పు యంత్రం. లీటరుకు సుమారు రెండు గ్రాముల ఉప్పు కలిపిన నీటిని విద్యుత్ ఫలకాల మధ్య పారిస్తే, ఆ ఉప్పునుంచే క్లోరిన్ పుడుతుంది. దీనిని క్లోరిన్ లేని తొట్టి అనుకోవడం పొరపాటు. క్లోరిన్‌ను తానే తయారుచేసుకొనే తొట్టి ఇది. బ్రోమైడు లవణం కలిపినా, అదే రీతిని బ్రోమిన్ లభిస్తుంది. యంత్రం వద్దనుకొనేవారు, నెమ్మదిగా కరిగే బ్రోమిన్ బిళ్ళలను నీటిపై తేలే చిన్న డబ్బాలో ఉంచితే సరిపోతుంది. శ్రమ తగ్గవలెనని కోరేవారు ఈ నాలుగవ పద్ధతిలో ఏదో ఒకటి ఎన్నుకొని, దానికి ఓజోన్‌ను తోడుచేసుకొనడం మేలు.

అయినా ఒక పని ఏ యంత్రమూ మన బదులు చేయలేదు. అదే పరీక్ష. రంగుమారే కాగితపు ముక్కను నీటిలో ముంచితే శేషక్లోరిన్ ఎంతో, నీటి ఆమ్లక్షారగుణం ఎంతో క్షణంలో తెలుస్తుంది. ఈ గుణాన్ని పి.హెచ్. అనే సంఖ్యతో కొలుస్తారు. అది 7.5 ఉన్నప్పుడు క్లోరిన్‌లో సగం చురుకుగా పనిచేస్తుంది. 8కి పెరిగితే చురుకైన భాగం నాలుగవ వంతుకు పడిపోతుంది. సుడులు తిప్పినకొద్దీ బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి ఆ సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. ఉప్పు యంత్రాలున్నచోట మరింత జాగ్రత్త అవసరం. 7.2కు, 7.8కి మధ్య నిలిపితే క్షేమం.

మిగిలినవి సులువైన పనులే. దిగేముందు సబ్బుతో ఒళ్ళు కడుగుకొనవలెను. నూనె రాసుకొని దిగరాదు. వడపోత గుడ్డను వారానికొకసారి కడగవలెను. ఒక మందును మరొక మందుతో, ముఖ్యంగా క్లోరిన్‌ను ఆమ్లంతో, ఎన్నడూ కలుపరాదు, విషవాయువు పుడుతుంది. నీరు మార్చడానికి అమెరికాలో ఒక లెక్క వాడుకలో ఉన్నది. తొట్టి పట్టే గ్యాలన్ల సంఖ్యను 3తో భాగించి, వచ్చినదానిని రోజుకు దిగేవారి సంఖ్యతో భాగించవలెను. 400 గ్యాలన్ల తొట్టిలో రోజూ ఇద్దరు దిగితే 66 రోజులు. నలుగురు దిగితే 33 రోజులు.

పరాయిచోట, హోటలులో గాని, బంధువుల ఇంట గాని, తొట్టిలో దిగేముందు ఒక్క ప్రశ్న అడగడానికి మొగమాటపడవద్దు. "ఈ వేళ నీరు పరీక్షించారా?" అని. గోడలు చేతికి జిగురుగా తగిలినా, నీరు మసకబారినా దిగకండి. నీరు తేటగా కనిపించినా సరే, అడిగే దిగండి. క్రిమి కంటికి కనిపించదు. కాగితపు రంగు కనిపిస్తుంది.