కార్తీకంలో బందరు తీరం



దసరా వెళ్ళాక వానలు తగ్గుతాయి. కృష్ణా జిల్లాలో వరిచేలు కంకి వేస్తాయి. కాలవల్లో నీళ్ళుంటాయి. ఎండ చురుక్కుమనదు. దీన్నే శరదృతువు అంటారు. బందరు చుట్టుపక్కల పాత ఊళ్ళు చూడటానికి ఇదే మంచి కాలం. పదిమంది ఆడవాళ్ళు కలిస్తే ఒక వ్యాను మాట్లాడుకోవచ్చు. ఆ ఊళ్ళ సంగతి తెలిసిన మనిషిని వెంట పెట్టుకోవాలి. చెప్పేవాళ్ళు లేకపోతే రాళ్ళు రాళ్ళలాగే కనపడతాయి.

మొదట పెడన. ఇక్కడ కలంకారీ అద్దకం చేస్తారు. పేరులో కలం ఉంది గానీ ఇక్కడ వాడేది చెక్క అచ్చు. కలంతో బొమ్మలు వేసేది శ్రీకాళహస్తిలో. ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం వేసి నీళ్ళలో చాలా రోజులు నానబెడతారు. ఆ నీళ్ళలో అచ్చు ముంచి గుడ్డ మీద అద్దితే నలుపు పడుతుంది. పటిక అద్దిన చోట, రంగులో ఉడకబెట్టాక ఎరుపు వస్తుంది. ఆ తర్వాత పారే నీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేస్తారు. ఇనుము, బెల్లం, కరక్కాయ, పటిక! వీటిలో మన ఆడవాళ్ళు ఎరగనిది ఏముంది?

ఇలాంటి గుడ్డల కోసమే ఒకప్పుడు బందరుకు ఓడలు వచ్చేవి. పర్షియాకు, అంటే ఇప్పటి ఇరానుకు, ఇక్కడి గుడ్డలు వెళ్ళేవి. డచ్చివాళ్ళు వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఫ్రెంచివాళ్ళూ వచ్చారు. వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి వెళ్ళలేదు. బందరులో డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాళ్ళ మీద వాళ్ళ అక్షరాలు చెక్కి ఉంటాయి. డిగ్రీలు చదివినవాళ్ళు కూడా వాటి ముందు నిలబడి తెల్లమొహం వేస్తారు. ఆ భాష రాకపోతే అందరూ చదువురానివాళ్ళే గదా!

అంత పెద్ద రేవు ఎందుకు చిన్నదైపోయింది? వ్యాపారం ముందే తగ్గుతూ వచ్చింది. ఆపైన 1864 నవంబరు 1 రాత్రి తుఫాను వచ్చింది. సముద్రం ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది చనిపోయారు.

బందరు నుంచి కూచిపూడి వైపు వెళ్ళాలి. కూచిపూడి నాట్యంలో ఒకప్పుడు ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. సత్యభామ జడ కూడా మగవాడి వీపు మీదే ఊగేది! ఇప్పుడు ఆ నాట్యం ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. తర్వాత ఘంటసాల. పాటల ఘంటసాల గారి ఇంటిపేరు కూడా ఇదే. ఇక్కడ పాత బౌద్ధ స్తూపం ఉంది. ఇక్కడి శాసనంలో ఒక మహానావికుడి పేరు ఉంది. అంటే ఓడలు నడిపే పెద్ద. ఇప్పుడు ఊరికి సముద్రం కనపడదు. కృష్ణానది మట్టి తెచ్చి పోసింది, ఒడ్డు ముందుకు జరిగింది.

చివరికి దివిసీమ. 1977 నవంబరు 19న ఇక్కడ ఉప్పెన వచ్చింది. తాటాకు ఇళ్ళు, పశువులు, మనుషులు కొట్టుకుపోయారు. పదివేల మంది దాకా పోయారు. హెచ్చరిక చాలా గుడిసెలకు చేరలేదు. రెండు తుఫానులూ నవంబరులోనే వచ్చాయని గుర్తు పెట్టుకోవాలి. చూడటానికి మంచి కాలం, భయపడాల్సిన కాలం ఒకటే.

దివిసీమలో పెద్దవాళ్ళు కనపడితే ఆ రాత్రి సంగతి అడగవచ్చు. కొందరు చెబుతారు, కొందరు చెప్పలేరు. బలవంతం చేయకూడదు. ఒడ్డున మడ అడవి కనపడుతుంది. ఆ చెట్ల వేళ్ళు బురదలో అల్లుకుపోయి అల జోరును తగ్గిస్తాయి. వంటచెరకుకని వాటిని నరికితే నష్టం వెనక ఉన్న ఊళ్ళకే.

బయలుదేరే ముందు రేడియో వినాలి, పేపరు చూడాలి. "మచిలీపట్నం రేవులో మూడో నంబరు హెచ్చరిక" అని చెబుతారు. ఈ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 5 నుంచి ప్రమాదం, 8 నుంచి మరీ పెద్ద ప్రమాదం. నంబరు పెట్టారంటే యాత్ర మానుకోవాలి. డబ్బు కట్టేశాం గదా అని వ్యాను ఎక్కకూడదు.

ఏ నంబరూ లేకపోతే హంసలదీవి దాకా వెళ్ళవచ్చు. అక్కడ వేణుగోపాలస్వామి గుడి ఉంది. ఆ దగ్గరే కృష్ణ సముద్రంలో కలుస్తుంది. సంగమానికి అడవి దాటి వెళ్ళాలి. పొద్దున్నే వెళ్ళి, పొద్దు వాలకముందే తిరిగి రావాలి.